ల్యాబ్ పిల్లకి కాల్షియం టానిక్ పోయొచ్చా?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ కుక్కపిల్లకి మూడు నెలలు, పది కిలోలుంది. పొద్దున పాలన్నం, రాత్రి ఎముకల్లేని చికెన్ అన్నం పెడుతున్నాం. విరేచనం పల్చగా అవుతోంది. కాళ్లు గట్టిపడతాయని కాల్షియం టానిక్ పోస్తున్నాం. పప్పీ ఫుడ్‌కి మారితే టానిక్ ఆపేయాలా?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: పూర్తిగా మారిన రోజునే ఆపేయండి. ఆరు నెలల్లోపు పిల్ల పేగులకి, ఎక్కువైన కాల్షియాన్ని బయటికి పంపేసే శక్తి ఇంకా రాదు. పోసిందంతా చాలావరకు ఒంటికి పట్టేస్తుంది. ల్యాబ్ లాంటి పెద్ద జాతుల్లో ఎముకలు వంకరపోవడానికి, కీళ్లు చెడడానికి ఇదొక కారణం.

అలాగని ఇప్పటి తిండీ సరిపోదు. చికెన్ కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. ఆ లోటు తీర్చుకోడానికి ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, అవి పలచబడి చిన్న గెంతుకే విరుగుతాయి. ఈ తూకం ఇంట్లో చెంచాలతో కుదరదండీ.

సంచి మీద 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని ఉన్నదే కొనండి. ప్రొటీన్ 22 శాతం పైన, కాల్షియం 1 నుంచి 1.5 శాతం మధ్య ఉండాలి. విప్పి అమ్మే లూజు తిండి మన తేమ గాలికి మెత్తబడి, కొవ్వు కమరు వాసన కొడుతుంది, వద్దు. రోజుకి సుమారు 300 గ్రాములు, తూచి, మూడు నాలుగు పూటలుగా పెట్టండి. సంచి వెనక పట్టిక చూసి సరిచేసుకోండి. మొదటి రెండు రోజులు పాత తిండి మూడొంతులు, కొత్తది ఒక వంతు. తర్వాత రెండు రోజులు సగం సగం. ఆపై రెండు రోజులు కొత్తది మూడొంతులు. ఏడో రోజుకి అంతా కొత్తదే. పాలు మాత్రం ఇవాళే మానేయండి. తల్లిపాలు మరిచిన పిల్లకి పాలలోని చక్కెర సరిగా అరగదు, విరేచనాలకి అదే కారణం కావచ్చు. రెండు రోజుల్లో తగ్గకపోయినా, వాంతులు, నీరసం కనిపించినా వెంటనే పశువైద్యుడికి చూపించండి, ఈ వయసులో పార్వో అనే వైరస్ జబ్బు ప్రాణం తీస్తుంది.

బొద్దుగా ఉంటేనే ముద్దనుకోకండి. మీ చెయ్యి బోర్లా చాచి, చేతి వెనక వైపు వేళ్ల మొదళ్ల మీద నిమరండి. ఎముకలెలా తగులుతాయో, పిల్ల పక్కటెముకలూ అలాగే తగలాలి.

ప్రశ్న: నెలన్నర వీధి కుక్కపిల్లని తెచ్చుకున్నాం. చోడి (రాగి) అంబలి, ఎండుచేప పెడుతున్నాం. పొట్ట ఉబ్బింది, ఒళ్లు చిక్కింది. ఇంకా పెట్టాలా?
– ఓ పాఠకుడు, పలాస

జవాబు: ముందు ఏలికపాముల మందు. బరువు తూచి పశువైద్యుడు చెప్పిన మోతాదే వేయించండి, ఆరు నెలల దాకా ఎప్పుడెప్పుడు వేయించాలో రాయించుకోండి. టీకా సంగతీ అప్పుడే అడగండి. చోడి అంబలితో పొట్ట నిండుతుంది గానీ కండ పట్టదు. పప్పీ ఫుడ్‌ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి రోజుకి నాలుగుసార్లు పెట్టండి, పైన కాస్త ఉడికిన గుడ్డు. ఎండుచేపలో ఉప్పెక్కువ, మానేయండి. బదులు పచ్చిచేప ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్లు ఏరి పెట్టొచ్చు. మీరు తినే పులుసన్నం మాత్రం వద్దు, అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని పగలగొడతాయి.