మోకాలి ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్నారా? ముందు ఆ సూదుల సంగతి చూడండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయని, మార్పిడి ఆపరేషన్ చేయాలని ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పి ఏడు నెలలైంది. ఒకసారి తేదీ ఇచ్చి, షుగర్ ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది, రోజూ గోలీలతో నెట్టుకొస్తోంది. ఈ మధ్య కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటోంది. తేదీ తొందరగా రావాలంటే ఏం చేయాలి? అప్పు చేసి ప్రైవేటుకు వెళ్లమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి వారానికో సూది, కాళ్ల తిమ్మిరి. ముందు వాటి గురించి చెప్పి, తేదీ సంగతికి తర్వాత వస్తాను.

ఆ సూదిలో ఏముందో మీరు రాయలేదు. మోకాలి నొప్పికి ఊళ్లలో తరచూ వేసేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు గానీ, డెక్సామెథసోన్ వంటి స్టిరాయిడ్ గానీ అయి ఉంటుంది. స్టిరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది కాబట్టి, మీ అమ్మగారిని వెనక్కి పంపడానికి అదే కారణమై ఉండవచ్చు. అయితే పరీక్షించకుండా నేను నిర్ధారించలేను. మొన్న ఒకావిడ నా బల్ల మీద ప్లాస్టిక్ కవరు బోర్లిస్తే అయిదు రకాల గోలీలు పడ్డాయి. పేర్లు వేరైనా వాటిలో మూడింట్లో ఉన్నది ఒకే నొప్పి మందు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తే అవి అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. సూది మోకీలులోకే వేస్తున్నట్లయితే, ఆ తర్వాత కనీసం మూడు నెలల దాకా మార్పిడి ఆపరేషన్‌ను సాధారణంగా వాయిదా వేస్తాం, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. అమ్మ బాధ చూడలేక వేయిస్తున్నారని నాకు తెలుసు, కానీ ఆ సూదే తేదీని ఇంకా వెనక్కి నెడుతుంది. అలాగని స్టిరాయిడ్ గోలీలు చాలాకాలంగా మింగుతుంటే ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే; డాక్టర్ చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి.

తిమ్మిరి షుగర్ వల్ల కావచ్చు. అయితే మీది మర్రిగూడ. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎప్పటి నుంచో తెలిసిందే. కృష్ణా నీళ్లు రాకముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన వారిలో వెన్నెముక బిగుసుకుపోయి, వెన్నుపాము నలగవచ్చు. అలాంటప్పుడు మోకీలు మార్చినా నడక బాగుపడదు, పైగా బిగుసుకున్న నడుములోకి మత్తు సూది దించడానికి మత్తు డాక్టర్ కష్టపడాల్సి వస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే వెన్నెముక కూడా చూడమని అడగండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, మోకాలు వాచి వేడెక్కి జ్వరం వచ్చినా వరుస కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక తేదీ విషయం. విజయవాడ హైవే మీద ప్రమాదాల్లో కాళ్లు విరిగిన వారికి, తుంటి విరిగిన వృద్ధులకు రోజుల తరబడి ఆగే వీలు లేదు. తుంటికి వీలైతే 48 గంటల్లోపే చేయాలి. థియేటర్, మత్తు డాక్టర్ ముందు వారికి కేటాయిస్తారు కాబట్టి మోకాలి కేసులు వెనక్కి జరుగుతాయి. ఆ పైన, షుగర్, బీపీ, రక్తహీనత, పుచ్చిన పన్ను, కాలి మీద పుండు వంటి కారణాలతో చివరి నిమిషంలో ఆగిన ప్రతి ఆపరేషన్‌తో ఒక రోజు వృథా అవుతుంది, వెనకున్న వాళ్లందరికీ ఆలస్యమవుతుంది. మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) ఎనిమిది శాతం కంటే తక్కువకు తెచ్చుకుని, పరీక్షలు పూర్తి చేసుకుని, ఎవరిదైనా ఆగితే మర్నాడే వస్తామని వార్డులో ఫోన్ నంబరు ఇచ్చి రండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఎముకల విభాగాలున్నాయి. అక్కడ ఈ ఆపరేషన్ చేస్తున్నారా, ఎంత ఆలస్యమవుతుందో విచారించండి.

అప్పు విషయంలో తొందరపడకండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీ అమ్మగారికి ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడగండి. షుగర్ అదుపులో లేకపోతే ప్రైవేటులోనూ ఆగమనే అంటారు, అనాలి కూడా.

ఈ వారంలోనే ఆమె వాడుతున్న గోలీలన్నీ కవరుతో సహా తీసుకుని, క్రియాటినిన్ చేయించి, ఎముకల డాక్టర్‌కు చూపించండి.