చదివింది ఆచరణలోకి రావట్లేదంటే

పుస్తకాలు చదివి నోట్సు రాసుకున్నా పొద్దున నడక మూడో రోజుకే ఆగిపోతోందన్నారు కదండీ. "రోజూ నడవాలి" అన్న నిర్ణయానికి వేళా లేదు, చోటూ లేదు, అందుకే జారిపోతోంది. ఇలా మార్చి రాయండి: "పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టగానే బూట్లేసుకుని వీధి చివర దాకా వెళ్లొస్తాను." మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఇదే: ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను. రోజూ ఎలాగూ జరిగే పనికే ముడిపెట్టండి. అలారానికి ముడిపెడితే దాన్ని ఆపేసి మళ్లీ పడుకుంటాం. బూట్లు, సాక్సులు రాత్రే గుమ్మం దగ్గర ఉండాలి. మొదటి రెండు వారాలు ఎంత ఉత్సాహం వచ్చినా 10 నిమిషాలు దాటొద్దు. ఆరంభంలోనే గంట నడిస్తే ఒళ్లు నొప్పులొచ్చి మర్నాడు మానేస్తారు. వాన పడితే ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసుకోండి: "వానైతే మేడమెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగుతాను." ఇది కుదిరేదాకా దయచేసి కొత్త పుస్తకం తెరవకండి.