జింక్ కథ వేరు, మాంగనీస్ కథ వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తర నైజీరియా సవన్నా నేలల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ ఏటా సాగు చేయడం వల్ల జింక్, మాంగనీస్ లాంటి సూక్ష్మపోషకాలన్నీ అడుగంటాయని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది చదివి పాఠకుడు అయ్యో అనుకుంటాడు, అంతే. అసలు ఆ నేలలో ఏం జరుగుతోందో అతనికి తెలియాలి కదా.

అక్కడి జరియా పట్టణం దగ్గర సమారులో 1950లో మొదలైన ప్రయోగానికి ఒక్క పేరాయే ఇచ్చావు. నన్నడిగితే వ్యాసమంతా దాని చుట్టూనే అల్లాలి. పశువుల ఎరువు, నత్రజని, భాస్వరం, పొటాష్‌లను విడిగానూ కలిపీ వేస్తూ, దశాబ్దాల పాటు అవే మళ్లలో పంటలు పండించారు. ఒకే నేల, ఒకే వాన. తేడా అంతా వేసిన ఎరువులోనే.

ముందు ఆ నేల స్వభావం చెప్పు. పైపొరలో ఇసుక ఎక్కువ. ఉన్న కాస్త బంకమన్ను కూడా పోషకాలను గట్టిగా పట్టి ఉంచే రకం కాదు. ఆ పని చాలావరకు సేంద్రియ పదార్థమే చేయాలి. బీడు పెట్టకుండా ఏటా దున్ని, చొప్ప పశువులకూ పొయ్యికీ పోతే అదీ తరిగిపోతుంది. దానికి తోడు అమ్మోనియం సల్ఫేట్ ఏళ్ల తరబడి వేస్తే ఆమ్లగుణం పెరుగుతుంది.

ఇక్కడ తొందరపడకు, నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఆమ్లగుణం పెరిగితే మాంగనీస్, అల్యూమినియం ఎక్కువగా కరుగుతాయి. మాంగనీస్ మితిమీరితే మొక్కకు విషమే. అల్యూమినియం వేళ్లను ఎదగనివ్వదు. అదే నేలలో మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం మాత్రం మొక్కకు అందకుండా పోతుంది. అది లేకపోతే వేరుశనగ వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని స్థిరీకరించలేవు. జింక్ దారి ఇంకొకటి. ఆమ్లగుణం దాన్నీ కరిగిస్తుంది, కానీ పంట కొంత తీసుకుపోతుంది, వాన కొంత కిందికి దింపుతుంది, నత్రజని, భాస్వరం, పొటాష్ మాత్రమే ఉండే మామూలు ఎన్‌పీకే ఎరువు ఆ లోటు తీర్చదు. పశువుల ఎరువుతో అయితే జింక్, రాగి కొంత తిరిగి వస్తాయి, సేంద్రియ పదార్థమూ నిలబడుతుంది. అందుకే ఆ మళ్లను విడిగా చూపించు.

నేలలో ఉన్న మొత్తం జింక్ ఒకటి, మొక్కకు అందేది ఒకటి. డీటీపీఏ అనే రసాయనంతో చేసే మట్టి పరీక్ష చెప్పేది రెండో దాని గురించి. నీ పట్టికలో రెండూ కలిసిపోయాయి, విడదీయి. ఫాస్ఫేట్ ఎరువుల్లో కాడ్మియం ఉంటుందన్న నీ మాట నిజమే, కానీ ఎంత ఉంటుందనేది ముడిరాయి ఎక్కడిదో దాన్ని బట్టి మారుతుంది. ఆ పొలంలో కొలిచిన లెక్క లేకుండా విషం అని రాసి జనాన్ని భయపెట్టకు.

ఇంకొక్క మాట. వ్యాసంలో రైతు ఎక్కడా కనిపించలేదు. హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వెళ్లు. ఆ సంస్థకు ఉత్తర నైజీరియాలోని కానోలోనూ కేంద్రం ఉంది, అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు దొరికితే అడుగు: మొక్కజొన్న లేత ఆకుల్లో నడి ఈనెకు అటూ ఇటూ తెల్లటి పట్టీలు కనిపిస్తే అక్కడి రైతు దేనివల్ల అనుకుంటాడు? జింక్ సల్ఫేట్ అతనికి ఊళ్లో దొరుకుతుందా, కొనగలడా?

జవాబులు చేర్చి, తిరగరాసి పంపు. నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటాను.