కేంద్రం రేటా, రాష్ట్రం రేటా అన్నది తర్వాత, ముందు సంతకం సంగతి చూడండి

ప్రశ్న: కనీస వేతనం కేంద్రం ఒకటి చెబుతుంది, రాష్ట్రం ఇంకొకటి చెబుతుంది. చిత్తూరులో ప్రైవేటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఏది వర్తిస్తుంది?

మీకు రాష్ట్రం రేటే. రైల్వే, గనులు, పెద్ద ఓడరేవులు లాంటివి కేంద్రం చేతిలో ఉంటాయి, మిగతావి దాదాపు అన్నీ రాష్ట్రానివే. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో రాయి తీసేవాడిది గని పని కిందికి వస్తుంది కాబట్టి కేంద్రం రేటు. అదే రాయికి పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలో రాష్ట్రం రేటు, ఓనరు ఒకడే అయినా సరే. పని ఎక్కడ జరిగితే అక్కడి రేటు. కుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనికి దిగేవాళ్లకు కర్ణాటక రేటు, నరహరిపేట దాటి వేలూరు వైపు పోతే తమిళనాడు రేటు.

ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో ‘దేశమంతా కనీస కూలీ ఇంత’ అని వాట్సాప్‌లో ఒక ఫోటో తిరుగుతుంది, చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. అది కేంద్రం పరిధిలోని పనులకు కరువు భత్యం సవరించి ఇచ్చే రేటు. దాన్ని పట్టుకుని ఓనరును అడిగితే నవ్వి పంపిస్తాడు. దేశం మొత్తానికి ఫ్లోర్ వేజ్ (కూలీకి అట్టడుగు హద్దు) అని ఇంకొకటి ఉండేది, 2017లో రోజుకు 176 రూపాయలు. అది ఉత్త సలహా. 2019లో చేసిన వేతనాల కోడ్ దానికి చట్టబలం ఇచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి కోడ్ అమల్లోకి వచ్చింది. ఇక కేంద్రం ఫ్లోర్ నిర్ణయిస్తే ఏ రాష్ట్రమూ అంతకు తక్కువ పెట్టకూడదు, ముందే ఎక్కువ ఇస్తున్న రాష్ట్రం తగ్గించకూడదు.

అసలు విషయానికి వస్తాను. రేటు ఎంతన్నది కాగితం మీద ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మోసమంతా జీతాల రిజిస్టర్‌లోనే.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్‌కు కాటా దగ్గర బిల్లులు రాసేవాణ్ణి. తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉండేవి. లోపల కాయలు కోసేది అంతా ఆడవాళ్లే, మేస్త్రీ ఆటోల్లో తోలుకొచ్చేవాడు. సొన పడి వాళ్ల వేళ్ల సందులు నల్లగా కమిలిపోయి ఉండేవి. శనివారం పంపకం. ఒక అక్క డబ్బు తీసుకుని, సంతకం పెట్టబోతూ ఆగింది.

“ఏంది సార్ ఇది, ఈడ ఒగటి రాసుండారు, చేతికి ఇంగొకటి ఇస్తా ఉండారు?”

రిజిస్టర్‌లో ప్రభుత్వం రేటు పక్కాగా ఉంది. చేతికి వచ్చింది రోజుకు ఎనభై తక్కువ. “నీకెందుకు మే అవన్నీ, పెట్టు” అన్నాడు మేస్త్రీ. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. వెనక ఉన్నవాళ్లూ కదల్లేదు. బయట కాయ ఎండకు మగ్గిపోతోంది, ట్రాక్టర్ల వాళ్లు హారన్లు. అరగంటలో ఆఫీసు నుంచి తేడా డబ్బు వచ్చింది, ఆ వారానికి మాత్రమే. పాత వారాల ఊసే లేదు. మరుసటి సీజన్‌లో మేస్త్రీ ఆటో ఆమె ఇంటి ముందు ఆగలేదు.

తనిఖీ అధికారి వచ్చినా చూసేది ఆ రిజిస్టరే కదా, సంతకాలు అన్నీ ఉంటే ఆయనకు ఏం తెలుస్తుంది? ఇప్పుడు ఆయన్ను ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అంటున్నారట, పిలుపు మారితే ఎనభై రూపాయలు దొరుకుతాయా? ఇక మగవాళ్లకు ఒక కూలీ, ఆడవాళ్లకు ఒక కూలీ అంటారే, 1976 నుంచే అది నేరం. మన వైపు దాన్ని ఎవరూ నేరం అనుకోరు, ఆనవాయితీ అనుకుంటారు.

కాబట్టి మీరు ఒక పని చేయండి. ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారు, చేతికి ఎంత వచ్చింది అన్నది సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, వీలైతే రిజిస్టర్ పేజీ ఫోటో తీయండి. తక్కువ ఇస్తే లేబర్ ఆఫీసులో క్లెయిమ్ వేయండి. పాత కనీస వేతనాల చట్టంలో గడువు ఆరు నెలలే ఉండేది, కొత్త కోడ్‌లో మూడేళ్లు. తేడాకు పది రెట్ల దాకా పరిహారం వేసే వీలుంది, జీతం సరిగ్గా ఇచ్చానని నిరూపించుకోవాల్సింది ఓనరే. ఒంటరిగా మాత్రం పోకండి, నలుగురు కలిసి వేయండి.