ప్రాణ స్నేహితురాలు దూరమైందని పాప ముభావంగా ఉంటోంది

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. ఎనిమిదో తరగతి. మావారి బదిలీతో జూన్‌లో ఖమ్మం నుంచి హైదరాబాద్‌ వచ్చాం. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు అక్కడే ఉండిపోయింది. అప్పటి నుంచి పాప సరిగా మాట్లాడటం లేదు. బడికి వెళ్లే ముందు కడుపునొప్పి అంటుంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. కొత్త స్నేహాలు కుదిరితే సర్దుకుంటుందా?
- ఓ తల్లి, హైదరాబాద్‌

సలహా: ఆదివారం కూడా నొప్పి వస్తోందా, గమనించండి. బడి రోజుల్లోనే వస్తుంటే టెన్షన్‌ వల్ల కావచ్చు. అలాగని నటిస్తోందనుకోవద్దు. దిగులుతో వచ్చే కడుపునొప్పి కూడా నిజమైన నొప్పే. బరువు తగ్గుతున్నా, నొప్పితో రాత్రి నిద్ర లేస్తున్నా, వాంతులవుతున్నా పిల్లల డాక్టర్‌కు మళ్లీ చూపించండి.

"కొత్త ఫ్రెండ్స్‌ దొరుకుతారులే" అని మాత్రం అనకండి. అలగడం, మళ్లీ కలిసిపోవడం, ఇంట్లో చెప్పలేనిది చెప్పుకోవడం... ఇవన్నీ పాప ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకుంది. శరీరం మారుతూ, చిన్నదానికీ సిగ్గుపడే ఈ వయసులో అదే పెద్ద ఆసరా. కెనడాలోని మాంట్రియల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. చేదు అనుభవం ఎదురైనప్పుడు ప్రాణ స్నేహితులు పక్కనుంటే కార్టిసాల్‌ అనే ఒత్తిడి హార్మోన్‌ అంతగా పెరగలేదని అందులో తేలింది.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఇల్లు మారేటప్పుడు పాత లెక్కల నోటుబుక్కు తూకానికి వేసేశారని వెక్కివెక్కి ఏడ్చింది. దాని చివరి పేజీల నిండా ఇద్దరి చేతిరాతల్లో ఆడుకున్న ఆటలున్నాయట. ఆ తల్లికి అది చిత్తు కాగితమే. మనం ఇక్కడే పొరబడతాం.

ఆ స్నేహాన్ని తెగనివ్వకండి. వారానికి రెండుసార్లయినా వీడియో కాల్‌ మాట్లాడనివ్వండి, స్పీకర్‌ పెట్టించి పక్కన కూర్చోవద్దు. దసరా సెలవులకు ఖమ్మం తీసుకెళ్లండి, లేదా ఆ అమ్మాయినే మీ ఇంటికి పిలవండి. కొత్త బడిలో ఎవరైనా వెక్కిరిస్తున్నారేమో క్లాస్‌ టీచర్‌తో విడిగా మాట్లాడండి. నెమ్మదస్తురాలైన ఒక పిల్ల పక్కన కూర్చోబెట్టమనండి. పదిమంది అక్కర్లేదు, మనసిచ్చి మాట్లాడే ఒక్కరు చాలు.

దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉంటున్నా, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికే ఆలస్యమైంది, ఈ వారమే వెళ్లండి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వినిపిస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలిమానస్‌ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.