మాత్ర మానేసే ముందు నాతో ఒక్కమాట

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

నీ రిపోర్టు చూశాను. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 172. కంగారు పడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. డాక్టర్ రాసిన స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, మానేసి యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్‌తో సరిపెట్టుకుంటానన్నావే, ఆ మాటకే ఈ ఉత్తరం. పదేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను.

నువ్వు చదివింది అబద్ధమేం కాదురా. ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలోకి దూరి, అక్కడ ఆక్సీకరణకు గురైతే, అంటే ఆక్సిజన్‌తో చర్య జరిగి పాడైతే, గొడవ ముదురుతుంది. అలా పాడైన కొవ్వును మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు తెగ మింగి, ఉబ్బి, నురుగు కణాలై అక్కడే కూలబడతాయి. ఏళ్ల తరబడి పేరుకుని అదే పూడికవుతుంది. మరి ఆక్సీకరణను ఆపే విటమిన్ ఇ మింగితే చాలదా? నేనూ అలాగే లెక్కేశాను. మాత్ర మానేసి ఆరు నెలలు మింగాను. ఎల్‌డీఎల్ మళ్లీ మొదటికొచ్చింది.

ఈ లెక్క ఎప్పుడో తేలిపోయిందని తర్వాత తెలిసింది. బ్రిటన్‌లో 20 వేల మందికి పైగా మనుషుల మీద ఐదేళ్లు రెండింటినీ పరీక్షించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. స్టాటిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. విటమిన్ ఇ, సి, క్యారెట్లకు రంగునిచ్చే బీటా కెరోటిన్ కలిపి మింగినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. పండ్లు, కూరగాయలు ఎంతైనా తిను, మంచిదే. క్యాప్సూల్ మాత్రం పండు కాదు.

ఇంకోటి, నీ సిగరెట్ల సంగతి. ఒక్కో దమ్ముతో ఆక్సీకరణ చేసే పదార్థాలను నువ్వే లోపలికి పీలుస్తూ, దానికి విరుగుడు క్యాప్సూల్‌లో వెతకడం ఏం లెక్క? పైగా ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లోనే బయటపడింది. నువ్వు కొన్న డబ్బా మీద ఆ పేరుందేమో చూడు.

స్టాటిన్‌తో కండరాలు నొప్పెడితే నీ అంతట నువ్వు మానకు. డాక్టర్‌కు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా వేరేది రాస్తారు. థైరాయిడ్ టెస్టు చేయించావా? అది మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

రెండు మూడు నెలలకు మళ్లీ లిపిడ్ టెస్టు, అదే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించి రిపోర్టు పంపు. రోజుకెన్ని సిగరెట్లో కూడా రాయి. తగ్గించి రాయకు, నీ వయసులో నేనూ అలాగే రాసేవాణ్ణి.

మీ బాబాయి