పక్కవాద్యాన్ని కూడా విను

చిరంజీవికి,

ఆశీస్సులు. జాజ్ రికార్డుల మీద నువ్వు పంపిన మూడు సమీక్షలూ అందాయి. పియానోకు బిల్ ఇవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబీ', గాత్రానికి బిల్లీ హాలిడే 'లేడీ ఇన్ శాటిన్', గిటారుకు వెస్ మాంట్‌గమరీ 'ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్'. ఎంపికకు వంక పెట్టలేను. భాష కూడా సాఫీగా ఉంది. అయితే మూడింటిలోనూ ఒకే లోటు కనిపించింది. అట్ట మీద పేరున్న మనిషి తప్ప తక్కినవాళ్లెవరూ నీకు వినబడలేదు.

ఇవాన్స్ గురించి నువ్వు రాసిన మొదటి పేరాలో ఆయన పేరు తీసేసి, మరో పియానిస్టు పేరు పెట్టి చదివి చూశాను. అర్థంలో తేడా రాలేదు. 'మృదువైన', 'కవితాత్మకమైన', 'హృదయాన్ని మీటే' అనే విశేషణాలు ఎవరికైనా అతుకుతాయి. జాజ్‌లో ఒక వాద్యకారుడు ఏం చేశాడో చెప్పాలంటే, ఆ క్షణంలో పక్కనున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పాలి. అక్కడ వాయించేది చాలావరకు ముందుగా రాసిపెట్టుకున్నది కాదు కాబట్టి, ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు ఇప్పుడే అన్నదానికి బదులు చెబుతూ ఉంటారు. ఆ బదులు పట్టుకోగలిగితే విశేషణాల అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఇవాన్స్ రికార్డుతోనే మొదలుపెడదాం. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో నేలమాళిగలో ఉండే విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బు. మధ్యాహ్నం రెండు విడతలు, సాయంత్రం మూడు విడతలు వాయించారు. 'మై ఫూలిష్ హార్ట్' పెట్టుకుని, ఈసారి పియానోను పక్కన పెట్టి విను. పాల్ మోషియన్ బ్రష్షులతో డ్రమ్ము మీద మెల్లగా రాస్తున్నాడు. అక్కడక్కడ సింబల్‌ను తాకి, ఆ మోత దానంతటది ఆరిపోయేదాకా వదిలేస్తున్నాడు. స్కాట్ లఫారో బాస్ మీద ఒక్క స్వరం మీటి, దాన్ని సాగనిచ్చి, తీరిగ్గా తర్వాతి స్వరానికి వస్తున్నాడు. మామూలుగా బాస్ వాయించేవాళ్లు లయను అడుగులుగా నడిపిస్తారు. ఇక్కడ ఆ నడకే లేదు. నడిపించేవాళ్లు లేరు కాబట్టే ఇవాన్స్ తన స్వరాన్ని కాస్త ఆలస్యంగా దించగలుగుతున్నాడు. నువ్వు 'మృదుత్వం' అన్నది ఆ ముగ్గురూ కలిసి చేసుకున్న ఖాళీ. అది ఒక్కడి వేళ్లలో లేదు. ఈ సంగతి రాస్తే పాఠకుడు మళ్లీ రికార్డు పెట్టుకుని సరిచూసుకుంటాడు. సమీక్షకు అంతకన్నా పెద్ద పని లేదని నేను నమ్ముతాను.

ఆ రికార్డులో గ్లాసుల చప్పుడు, బల్లల దగ్గర మాటలు కూడా వినిపిస్తాయి. నీ సమీక్షలో అవి లేవు, రాయి. అంతటి వాయింపు జరుగుతున్నప్పుడు గదిలో కొందరు కబుర్లలో ఉన్నారన్నది కూడా ఆ సాయంత్రంలో భాగమే.

ఇంకొక మాట. ఆ సంగీతమంతా 'మృత్యువు నీడలో' సాగిందని రాశావు. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. నువ్వు చెప్పిన విషయం నిజమే, కానీ ఆ ఆదివారం నాడు అది ఎవరికీ తెలియదు. అతను హుషారుగా వాయిస్తున్నాడు. 'గ్లోరియాస్ స్టెప్' విను, బాస్ పైస్థాయికి ఎగబాకి పియానోతో పోటీపడి మాట్లాడుతుంది. అందులో చావు ఎక్కడుంది? దుఃఖం వచ్చి చేరిన చోటు వేరే ఉంది. ఆ రోజు ధ్వనిముద్రణల్లోంచి ముందుగా విడుదలైన 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్' రికార్డు, లఫారో స్వయంగా కట్టిన 'గ్లోరియాస్ స్టెప్'తో మొదలై, అతనిదే అయిన 'జేడ్ విజన్స్'తో ముగుస్తుంది. పోయినవాడి పని ముందుకు వచ్చేలా పాటలను ఎంచి పేర్చారు. దుఃఖం ఆ ఎంపికలో ఉంది, వాయింపులో లేదు. ఈ రెండింటినీ విడదీసి రాయగలిగితే నువ్వు సమీక్షకుడివైనట్టే.

'లేడీ ఇన్ శాటిన్' విషయంలోనూ ఇలాగే జరిగింది. నీ వ్యాసంలో సగానికి పైగా బిల్లీ హాలిడే కష్టాలే ఉన్నాయి. అవి అందరికీ తెలిసినవే. 1958 ఫిబ్రవరిలో, 42 ఏళ్ల వయసులో పాడింది, మరుసటి ఏడాది జూలైలో పోయింది, గొంతు అప్పటికే గరుకుబారింది. సరే, ఆ గొంతుతో ఆమె ఏం చేసింది? నీ వ్యాసంలో ఆ జవాబు దొరకలేదు. ఆమెది ఎప్పుడూ పెద్ద విస్తారమున్న గొంతు కాదు. ఆమె బలమంతా మాటను లయకు ఎంత వెనకగా వెయ్యాలో తెలియడంలో ఉంది. ఇక్కడ రే ఎలిస్ రాసిచ్చిన తీగవాద్యాల బృందం వెనకాల ఒక పట్టాన కదలని గోడలా నిలబడింది. 'ఐ యామ్ ఎ ఫూల్ టు వాంట్ యు'లో ఆమె వెనకబడుతూ ఉంటే వయొలిన్లు ఆగి ఆమె కోసం చూడవు. అవి తమ కాగితం ప్రకారం వెళ్తాయి. ఆమె ఒంటరితనం మనకు అంత గట్టిగా తగలడానికి గొంతు ఒక్కటే కారణం కాదు, బదులిచ్చేవాళ్లు లేకపోవడం కూడా కారణమని నా అభిప్రాయం.

బదులిచ్చేవాళ్లు ఉన్నప్పుడు ఆమె ఎలా ఉండేదో చూడాలంటే ఎంతో వెనక్కి పోనక్కర్లేదు. ఆ రికార్డుకు రెండు నెలల ముందు, 1957 డిసెంబరులో, 'ది సౌండ్ ఆఫ్ జాజ్' అనే టెలివిజన్ కార్యక్రమంలో 'ఫైన్ అండ్ మెలో' పాడింది. లెస్టర్ యంగ్ శాక్సఫోన్ మీద ఒకే ఒక్క ఆవృత్తం, అంటే పాట వరుస ఒకసారి పూర్తయ్యేంత, పన్నెండు బార్లు (బారు అంటే సాధారణంగా నాలుగు దెబ్బల కొలత) వాయిస్తాడు. చాలా తక్కువ స్వరాలు. కెమెరా ఆ సమయంలో ఆమె ముఖం చూపిస్తుంది. ఆమె వింటోంది, తల ఆడిస్తోంది, చిన్నగా నవ్వుతోంది. గాయని గురించి రాసేవాళ్లు ఆమె పాడనప్పుడు ఏం చేస్తుందో చూడటం అక్కడ నేర్చుకోవాలి. తర్వాత 1937లో ఆ ఇద్దరూ కలిసి చేసిన రికార్డులు వెతికి విను. నీ వ్యాసంలోని జీవితచరిత్ర దానంతటదే నాలుగు వాక్యాలకు కుదించుకుపోతుంది.

గాత్రం మాట వచ్చింది కాబట్టి ఎల్లా ఫిట్జెరాల్డ్ బెర్లిన్ కచేరీ రికార్డు గురించి చెబుతాను. తేదీ 1960 ఫిబ్రవరి 13. 'మాక్ ది నైఫ్' మధ్యలో సాహిత్యం మరిచిపోయి అక్కడికక్కడే మాటలు కట్టుకుని పాడేసిందన్నది ప్రతి సమీక్షలోనూ ఉంటుంది. వెనకున్న నలుగురి గురించి రాసినవాళ్లు తక్కువ. ఆ పాట పదహారు బార్ల చిన్న ఆవృత్తం. ఆవృత్తాలు గడుస్తున్నకొద్దీ శ్రుతి మెట్టు మెట్టుగా పైకి మారుతూ ఉంటుంది. గాయని మాట తప్పింది కదా అని ఆ మెట్లు ఆగవు. పియానో మీద పాల్ స్మిత్, బాస్ మీద విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రూక్స్, డ్రమ్ముల మీద గస్ జాన్సన్, గిటారు మీద జిమ్ హాల్. వాళ్లలో ఒక్కరు తడబడినా ఆమె చమత్కారం కుప్పకూలేది. ఎల్లా ధైర్యానికి పునాది వాళ్ల నిలకడలో ఉంది.

ఆ జిమ్ హాల్‌నే గట్టిగా పట్టుకోమని నీకు నా సలహా. రెండేళ్ల తర్వాత, 1962లో, అతను బిల్ ఇవాన్స్‌తో కలిసి 'అండర్‌కరెంట్' చేశాడు. బాస్ లేదు, డ్రమ్ములు లేవు, ఇద్దరే. అందులో 'మై ఫన్నీ వాలెంటైన్' ఉంది. రాడ్జర్స్, హార్ట్ 1937లో ఒక సంగీతనాటకం కోసం కట్టిన పాట అది, సాధారణంగా నెమ్మదిగా పాడతారు. వీళ్లు వేగంగా పట్టుకున్నారు. ఆ వేగం ఎంత సాహసమో తెలియాలంటే నెమ్మది రూపం నీ చెవిలో ముందే ఉండాలి. చెట్ బేకర్ పాడింది విను. ఏ పాత పాటనైనా సమీక్షించే ముందు దాన్ని మామూలుగా పాడినవాళ్లను వినడం నీకు అలవాటు కావాలి, లేకపోతే వాద్యకారుడు దేన్ని మార్చాడో నీకు తెలియదు.

ఆ పాటలో ఇవాన్స్ వంతు వచ్చినప్పుడు హాల్ చేసే పని చూడు. గిటారు మీద బారుకు నాలుగు దెబ్బలు, చాలా తగ్గు స్థాయిలో, తెంపు లేకుండా కొడుతూ పోతాడు. లేని డ్రమ్ము, లేని బాస్ రెండూ అతని కుడిచేతిలోకి వచ్చేశాయి. తన పేరు మీద కూడా వచ్చిన రికార్డులో, తనను ఎవరూ పట్టించుకోకపోయినా ఫరవాలేదన్నట్టు ఒక మనిషి అంత గొప్పగా వాయించడం నాకు ఎప్పుడు విన్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

పియానో, గిటారు కలిసినప్పుడు ఒక చిక్కు ఉంది. రెండూ స్వరగుచ్ఛాలు, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాలు, పలికించగల వాద్యాలే. ఇద్దరూ ఒకే స్థాయిలో ఒకేసారి గుచ్ఛాలు వేస్తే గజిబిజి అవుతుంది, ఒకరి స్వరం మరొకరి స్వరంతో తగువు పడుతుంది. ఎవరో ఒకరు తగ్గాలి. వెస్ మాంట్‌గమరీ రికార్డును ఈ ప్రశ్న చేతిలో పెట్టుకుని మళ్లీ విను. ఆయన మీటుబిళ్ల వాడకుండా బొటనవేలితో మీటాడని, ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో ఒకేసారి పలికించాడని రాశావు. నిజమే, కానీ అది అందరూ రాసేదే. 'వెస్ట్ కోస్ట్ బ్లూస్'లో ఆయన ముందు ఒంటి స్వరాలతో మొదలుపెడతాడు. కొన్ని ఆవృత్తాల తర్వాత జంట స్వరాలకు వెళ్తాడు. ఆపైన నిండు గుచ్ఛాలకు వస్తాడు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు పియానో మీదున్న టామీ ఫ్లానగన్ ఏం చేస్తున్నాడు? ఎక్కడ పలికాడు, ఎక్కడ ఊరుకున్నాడు? ఎన్నో నిమిషంలో అన్నది కాగితం మీద రాసుకో. ఫ్లానగన్ ఆ తర్వాత ఎల్లాకు ఏళ్ల తరబడి పియానో వాయించాడు. పాడేవాళ్లకు ఎంత చోటు ఇవ్వాలో తెలిసిన చెయ్యి అది.

ఇక మన సంగీతంతో పోలికల గురించి. మూడు వ్యాసాల్లోనూ 'రాగాలాపనలా', 'కల్పనస్వరంలా' అని వాడావు. తెలుగు పాఠకుడికి దగ్గర చేయాలన్న నీ ఉద్దేశం అర్థమైంది. అయినా తీసేయమంటాను. మన కచేరీలో తంబూరా శ్రుతి మొదటినుంచి చివరిదాకా ఒకటే. జాజ్‌లో చాలావరకు స్వరగుచ్ఛం ప్రతి బారుకో రెండు బార్లకో మారిపోతుంది. ఇప్పుడు కుదిరిన స్వరం మరో రెండు బార్ల తర్వాత కరకరలాడవచ్చు. కదిలే నేల మీద నడవడంలోని కష్టాన్ని ఆ పోలిక చెరిపేస్తుంది. మన అలవాట్లలో నిజంగా పనికొచ్చేది ఒకటుంది, చేత్తో తాళం వేసుకుంటూ వినడం. చాలా పాత పాటలు ముప్పై రెండు బార్లు. మొదటి ఎనిమిది, మళ్లీ అదే ఎనిమిది, వేరే వరుసలో ఎనిమిది, తిరిగి మొదటి ఎనిమిది. లెక్క చేతిలో ఉంటే 'కాసేపటికి ఉద్వేగం పెరిగింది' అని రాయవు, 'మూడో ఆవృత్తంలో, వేరే వరుస మొదలయ్యే చోట' అని రాస్తావు.

పోలికకు నిజంగా పనిపడే రికార్డులు కొన్ని ఉన్నాయి. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌తో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చున్నాడు. అక్కడ రెండు వ్యాకరణాలూ ఎదురెదురుగా ఉన్నాయి. దాని మీద తెలుగులో ఒక మంచి వ్యాసం రావాలని నాకు ఎంతో కోరిక. ముందు ఈ మూడూ తిరగరాయి, తర్వాత దాన్ని అందుకో.

కొన్ని చిన్న సంగతులు. ఎవరు ఏ పాటలో వాయించారో అట్ట వెనక చదవకుండా ఒక్క వాక్యం కూడా రాయవద్దు. 1959 నాటి మైల్స్ డేవిస్ రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' మొత్తం బిల్ ఇవాన్స్ పియానో అనుకుని 'ఫ్రెడ్డీ ఫ్రీలోడర్'లో కూడా ఆయనను పొగిడితే, ఆ పొగడ్త వింటన్ కెల్లీకి చెందాల్సింది. పాత రికార్డులను తూచేటప్పుడు వాటి హద్దు గుర్తుంచుకో. గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ 1939, 40లలో బెన్నీ గుడ్‌మన్ బృందంతో చేసినవి సుమారు మూడు నిమిషాల రికార్డులు, గిటారుకు దక్కింది కొద్ది బార్లే. 1941లో హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్బులో రికార్డు చేసినవి వింటే, అదే మనిషికి చోటు దొరికితే ఎంత దూరం వెళ్లేవాడో తెలుస్తుంది.

నచ్చని రికార్డు గురించి ఎలా రాయాలని అడిగావు. ఏం పోయిందో చూపించు, చాలు. వెస్ 1967లో చేసిన 'ఎ డే ఇన్ ది లైఫ్' బాగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లను తక్కువ చేసి రాసినవాళ్లున్నారు, నాకు అది నచ్చదు. అక్కడ జంట స్వరాలు ఉన్నాయి, కానీ 'వెస్ట్ కోస్ట్ బ్లూస్'లో వాటి దగ్గరికి తీసుకెళ్లిన ఆరోహణ లేదు. ఆయన పాట చెప్పి ఊరుకుంటాడు. వెనక వాద్యబృందం అందంగా ఉంటుంది, ఎదురు మాట్లాడదు. ఇంతవరకు రాసి, 1960 నాటి 'ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్'ను దానితో పోల్చి చూపిస్తే, తీర్పు పాఠకుడే ఇచ్చుకుంటాడు.

మొదట ఇవాన్స్ వ్యాసం తిరగరాసి పంపు. లఫారో, మోషియన్ ఇద్దరికీ చెరో పేరా ఉండాలి. జీవితచరిత్ర రెండు వాక్యాలు దాటకూడదు. హాలిడే వ్యాసానికి తొందరలేదు, ముందు 1937 నాటి రికార్డులు విను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి